మన ఒంటి చప్పుడు మనం వినొద్దా?

"శరీరం అబద్ధం చెప్పదు" అనే మాట ఈ మధ్య చాలా చోట్ల వింటున్నాను. గుండె కొట్టుకునే వేగం, చర్మం మీద పట్టే చెమట, కండరాల బిగువు, మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తు. వీటన్నిటినీ తీగలతో పట్టుకుని చప్పుడుగానో, తెర మీద బొమ్మగానో మార్చే యంత్రాలు ఆసుపత్రుల్లోకి, పోలీసుల ల్యాబుల్లోకి, చేతి గడియారాల్లోకి, ఆఖరికి చిత్రకళా ప్రదర్శనల్లోకి కూడా వచ్చేశాయి. మనిషి దాచుకున్నదాన్ని కూడా యంత్రం బయట పెట్టేస్తుందనీ, ఇక మాటలతో పని లేదనీ చెప్పేవాళ్లు ఎక్కువవుతున్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఎందుకంటే స్త్రీల విషయంలో "శరీరం అబద్ధం చెప్పదు" అనేదానికి ఎప్పుడూ ఒక రెండో సగం ఉంటుంది. దాన్ని పైకి అనరు. "ఆడది చెబుతుంది" అన్నదే ఆ రెండో సగం.

ఇది మన పత్రికలో రాయాల్సిన విషయమేనా అని కొందరు మిత్రులు అడిగారు. కూలి రేట్లు, గృహహింస కేసులు, భూమి పట్టాలు ఇన్ని సమస్యలుండగా మెదడు తరంగాలతో సంగీతం చేసేవాళ్ల గొడవ మనకెందుకన్నారు. "ఇదంతా కడుపు నిండినవాళ్ల ఆట" అని ఒకామె తీసిపారేసింది కూడా. కానీ స్త్రీ నోటి మాటను పక్కన పెట్టి ఆమె ఒంటిని సాక్ష్యం అడగడం ఈ దేశంలో కొత్తగా మొదలైన విషయం కాదు. 1972లో మహారాష్ట్రలో మధుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. అందుకు చూపిన కారణాల్లో ఆమె ఒంటిమీద గాయాలు లేకపోవడం ఒకటి. ఆమె చెప్పిన మాట కన్నా ఆమె చర్మం మీద లేని గాయానికి విలువ ఎక్కువైంది. మన ఉద్యమం ఆ తీర్పు మీద తిరగబడి ఎదిగింది. అత్యాచార బాధితులకు చేసే 'రెండు వేళ్ల పరీక్ష' తప్పని 2013లో ఒకసారి, 2022లో మరోసారి సుప్రీంకోర్టు చేత చెప్పించడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఆ వేళ్ల స్థానంలో తీగలు వస్తున్నాయి. అవి వేళ్లంత మొరటుగా ఉండవు. శుభ్రంగా, శాస్త్రీయంగా, కొన్నిసార్లు అందంగా కూడా ఉంటాయి. అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలంటున్నాను.

ముందు ఈ యంత్రాలు అసలేం చేస్తాయో తెలుసుకుందాం. టార్చిలైటు సెల్లులో 1.5 వోల్టులుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడు ఛాతీ చర్మం మీద అందే విద్యుత్తు ఒక మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యోవంతు ప్రాంతంలో ఉంటుంది. తల మీద అందే మెదడు సంకేతం అంతకంటే చాలా చిన్నది, మైక్రోవోల్టుల్లో కొలుస్తారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను రికార్డు చేశాడు. కళ్లు మూసుకుని నెమ్మదించి కూర్చుంటే వచ్చే ఆల్ఫా తరంగాలు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగుతాయి. మన చెవికి సెకనుకు 20 సార్లకు తక్కువ ఊగేది వినిపించదు. అంటే మెదడు తరంగం అనేది ఉన్నదున్నట్టుగా ఏ చెవికీ అందే చప్పుడు కాదు. దాన్ని ఎవరో ఒకరు చప్పుడుగా చెయ్యాలి.

1965లో అమెరికాలో ఆల్విన్ లూసియర్ అనే సంగీతకారుడు చేసింది అదే. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలోని రోజ్ ఆర్ట్ మ్యూజియంలో జనం ముందు కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తలకు ఎలక్ట్రోడ్లు కట్టుకున్నాడు. ఆల్ఫా తరంగాలను ఎన్నో రెట్లు పెంచి స్పీకర్లకు పంపితే, ఆ స్పీకర్ల అదురుకి వాటికి ఆనించిన డ్రమ్ములూ, గంటలూ మోగాయి. దేహ సంకేతాలతో చేసే కళకు దీన్ని తొలి మెట్టుగా చెబుతారు. నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. ఏ డ్రమ్ము మోగాలో, ఎంత గట్టిగా మోగాలో మెదడు నిర్ణయించలేదు. మనుషులు నిర్ణయించారు. ఆ విషయాన్ని లూసియర్ దాచలేదు. డ్రమ్ములు అందరి కళ్ల ముందూ ఉన్నాయి.

మిగతాచోట్ల ఆ డ్రమ్ములు కనపడవు. గర్భిణి పొట్ట మీద డాప్లర్ పెడితే వినిపించే 'బిడ్డ గుండె చప్పుడు' నిజానికి గుండె చేసే చప్పుడు కాదు. లోపలికి పంపిన అతిధ్వని కదులుతున్న గుండెకి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు వచ్చే తేడాని యంత్రం మన చెవికి అందే శబ్దంగా మార్చి వినిపిస్తుంది. స్కానింగు సెంటర్లు ఫ్రేము కట్టించి ఇచ్చే బిడ్డ ముఖం ఫోటోలో బంగారు రంగు చూసే ఉంటారు. ఆ రంగు బిడ్డది కాదు, యంత్రం వేసింది. ఇవి మోసాలని నేననడం లేదు. సంకేతానికీ, మనం వినేదానికీ, చూసేదానికీ మధ్యలో ఎప్పుడూ ఒక మనిషి నిర్ణయం ఉంటుందని మాత్రమే అంటున్నాను. దేన్ని పెంచాలి, దేన్ని వడకట్టాలి, ఎక్కడ గీత గీసి 'ఇది మామూలు, ఇది తేడా' అనాలి అనేవన్నీ ఎవరో తీసుకున్న నిర్ణయాలు. శరీరం తనంతట తాను మాట్లాడుతోందని చెప్పేవాళ్లు ఆ ఎవరో అనేదాన్ని దాచేస్తున్నారు.

ఇక వినేదెవరన్న సంగతి. 1816లో ప్యారిస్‌లో లాయెన్నెక్ అనే వైద్యుడి దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో వైద్యులు రోగి ఛాతీకి చెవి ఆనించి వినేవాళ్లు. పరాయి స్త్రీ గుండెల మీద చెవి పెట్టడం మర్యాద కాదనుకుని, ఆయన కాగితాలను గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకీ మరో కొస తన చెవికీ ఆనించుకున్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. వైద్యుడి మెడలో వేలాడే ఆ పరికరం స్త్రీ శరీరం ముందు పుట్టింది. ఆ స్త్రీ పేరు చరిత్రలో లేదు. తన గుండె చప్పుడు ఆమెకు వినిపించిందని కూడా ఎవరూ రాయలేదు. గొట్టానికి రెండు కొసలే ఉన్నాయి. ఒకటి ఆమె ఒంటికి, రెండోది అతని చెవికి. రెండు వందల ఏళ్లుగా మన ఆసుపత్రుల ఏర్పాటంతా ఇలాగే నడుస్తోంది.

మా చెల్లెలు వరసయ్యే అమ్మాయి మొదటి కాన్పుకి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పొట్టకి రెండు బెల్టులు కట్టారు. ఒకటి బిడ్డ గుండె వేగాన్నీ, రెండోది నొప్పుల్నీ పట్టుకుని కాగితం మీద గీతలు గీస్తుంటాయి. యంత్రాన్ని మంచం తల వైపు, గోడ పక్కకి తిప్పి పెట్టారు. శబ్దం తగ్గించేశారు. నొప్పులు తట్టుకోలేక ఆ పిల్ల పక్కకి ఒత్తిగిల్లబోతే "కదలకమ్మా, గీతలు సరిగ్గా రావు" అని కసురుకున్నారు. ఇంతకీ గీతలు ఆమె కోసమా, ఆమె గీతల కోసమా? మూడు గంటల తర్వాత "గీతల్లో తేడా కనపడుతోంది, ఆపరేషన్ చెయ్యాలి, సంతకం పెట్టండి" అని కాగితం తెచ్చి ఆమె భర్త చేతికిచ్చారు. ఆపరేషన్ అవసరమా కాదా అని తేల్చే చదువు నాకు లేదు. కానీ ఆ గీతలు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో ఆమె స్పృహలోనే ఉంది, మాట్లాడుతోంది, అడిగితే చెప్పగలదు. ఆమెకి ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆ గీతలకు అంత అధికారం ఎలా వచ్చింది? కాన్పు సమయంలో ఈ యంత్రాన్ని నిరంతరం కట్టి ఉంచడానికీ, కొంత వ్యవధికోసారి గొట్టంతోనో డాప్లర్‌తోనో వినడానికీ తేడా ఏమిటని 13 పరీక్షలు, 37 వేలమందికి పైగా స్త్రీల అనుభవం కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2017లో వచ్చింది. నిరంతరం కట్టి ఉంచితే పుట్టిన బిడ్డలకు ఫిట్స్ రావడం సగానికి తగ్గింది. ఆ మేలుని తక్కువ చేసి మాట్లాడను. అయితే బిడ్డల మరణాల్లో గానీ, సెరిబ్రల్ పాల్సీలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఏ ఇబ్బందీ లేకుండా నొప్పులొస్తున్న ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఈ యంత్రాన్ని నిరంతరం కట్టి ఉంచాల్సిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మన దగ్గర చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తంలో అదే ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతం. ఇన్ని కోతలకూ ఈ గీతలే కారణమని నేను చెప్పను. డబ్బుంది, ముహూర్తాల పిచ్చి ఉంది, నర్సుల కొరత ఉంది, కేసుల భయం ఉంది. కానీ కోతకి ఒప్పించాల్సి వచ్చినప్పుడు గీత చాలా బాగా పనికొస్తుంది. దాన్ని చదవడం ఆమెకి ఎవరూ నేర్పరు కదా.

"లింగ నిర్ధారణ చట్టం ఉంది, అందుకే తెర ఆమె వైపు తిప్పం" అని చెప్పే డాక్టర్లున్నారు. ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్లలో మనమూ ఉన్నాం కాబట్టి దీనికి జవాబు మనమే చెప్పాలి. 1994 చట్టం నిషేధించింది పుట్టబోయేది ఆడో మగో మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ తెలియజేయడాన్ని. బిడ్డ గుండె చప్పుడు తల్లికి వినిపించడాన్ని కాదు. నొప్పుల గీత ఆమెకు చూపించడాన్ని అంతకన్నా కాదు. ఆడపిల్లల కోసం వచ్చిన చట్టాన్ని ఆడవాళ్లకి చెవులు మూయడానికి వాడుకోవడం అన్యాయం.

ఆసుపత్రిలో గీత కోతకి ఒప్పిస్తే, పోలీసుల చేతిలో అదే గీత జైలుకి పంపుతుంది. 2008లో పూణేలో ఒక యువతికి హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడింది. ఆ తీర్పులో ఆమె మెదడు తరంగాల పరీక్ష ఫలితాన్ని కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నేరం గురించిన వాక్యాలు ఒక్కొక్కటే వినిపించారు. ఆమె ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. ఆమె మౌనంగా కూర్చుంటే యంత్రం ఆమె తరఫున 'అనుభవంతో కూడిన జ్ఞాపకం ఉంది' అని చెప్పింది. తర్వాత బొంబాయి హైకోర్టు ఆమెకు బెయిలిచ్చింది. 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టం లేకుండా నార్కో పరీక్షలు గానీ, పాలిగ్రాఫ్ గానీ, మెదడు తరంగాల పరీక్ష గానీ చెయ్యకూడదని తీర్పునిచ్చింది. బలవంతంగా చేస్తే అది మనిషిని తనకు తానే వ్యతిరేక సాక్షిగా మార్చడమేనన్నది. మంచి తీర్పు. కానీ ఆచరణ? 2020లో హత్రస్‌లో దళిత యువతిపై జరిగిన అత్యాచారం, ఆమె మరణం, రాత్రికి రాత్రి దహనం మీకందరికీ గుర్తుంది. అప్పుడు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నిందితులకీ, పోలీసులకే కాదు, బిడ్డని పోగొట్టుకున్న కుటుంబానికి కూడా పాలిగ్రాఫ్, నార్కో పరీక్షలు చేయిస్తామని ప్రకటించింది. దళితుల మాట నమ్మడానికి మాట చాలదు, వాళ్ల చెమట కూడా కొలవాలి! ఆ కుటుంబం ఒప్పుకోలేదు. వాళ్లకి ఆ ధైర్యం ఉండబట్టి సరిపోయింది.

పాలిగ్రాఫ్ కొలిచేది అబద్ధాన్ని కాదు. ఊపిరి, నాడి, రక్తపోటు, చర్మం మీది చెమట. ఇవి అబద్ధం ఆడినప్పుడు మారవచ్చు. భయపడినప్పుడూ మారతాయి. అవమానం జరిగినప్పుడూ, జరిగిన ఘోరాన్ని మళ్లీ తలుచుకోవాల్సి వచ్చినప్పుడూ మారతాయి. పోలీస్ స్టేషన్‌లో కూర్చున్న ఏ స్త్రీ అరచేతులు చెమట పట్టకుండా ఉంటాయి? అమెరికాలో కూడా అత్యాచార బాధితులను పాలిగ్రాఫ్ చేయించుకుంటేనే కేసు ముందుకెళుతుందని పోలీసులు బెదిరించేవాళ్లు. అక్కడి స్త్రీల సంఘాలు పోరాడి, 2005 చట్ట సవరణలో దాన్ని ఆపించుకున్నాయి.

"అయితే ఈ యంత్రాలన్నీ బద్దలు కొట్టాలంటావా?" అని అడుగుతారు. మనలో అలా అనేవాళ్లున్నారు. సహజమైన శరీరం, సహజమైన కాన్పు, యంత్రం అంటేనే పితృస్వామ్యం అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. నాకది సరిపడదు. రక్తహీనతతో, గుర్రపు వాతంతో, పడవలో నది దాటి ఆసుపత్రికి చేరిన కొండరెడ్డి స్త్రీకి సహజమైన కాన్పు గురించి ఉపన్యాసం ఇవ్వగలమా? ఆమెకి యంత్రం కావాలి. ఆ యంత్రం చెప్పేది తనకి అర్థం కావడమూ కావాలి.

అది సాధ్యమేనని చూపించినవాళ్లలో స్త్రీ కళాకారులున్నారు. అందుకే 'కడుపు నిండినవాళ్ల ఆట' అన్న మాటని నేను ఒప్పుకోను. బీరూట్‌లో పాలస్తీనా కుటుంబంలో పుట్టి, యుద్ధం వల్ల 1975లో లండన్‌లో చిక్కుబడిపోయిన మోనా హాటూమ్ 1994లో ఒక పని చేసింది. ఆసుపత్రిలో వాడే ఎండోస్కోపీ కెమెరాని తన ఒంటి మీదా, ఒంటి లోపలా తిప్పి వీడియో తీయించింది. ఆ బొమ్మలను ఒక ఇరుకైన గుండ్రటి గదిలో నేల మీద చూపించింది. చుట్టూ ఆమె గుండె చప్పుడు, ఊపిరి శబ్దం. దానికి ఆమె పెట్టిన పేరుకి ఫ్రెంచిలో 'పరాయి వస్తువు' అని అర్థం. శరీరంలోకి జొరబడ్డ దేన్నయినా వైద్యులు అలా అంటారు. పరాయిది కెమెరానా, దేశం లేని ఆ స్త్రీయా? చూసేవాళ్లు కాళ్ల కింద ఆమె పేగులను చూస్తూ ఆ ప్రశ్నతో నిలబడాలి. స్త్రీ శరీరాన్ని బయటినుంచి చూసి ఆనందించడానికి అలవాటుపడ్డ కంటికి, 'ఇంకా లోపలికి రా, చూడు' అని ఆమె చెప్పింది. కెమెరా అదే. ఏది చూపించాలో చెప్పింది మాత్రం ఆమె.

అదే కాలంలో జానీన్ ఆంటోనీ అనే కళాకారిణి ప్రదర్శనశాలలోనే రాత్రిళ్లు పడుకుంది. నిద్రలో ఆమె కళ్ల కదలికలను యంత్రం గీతలుగా గీసింది. పొద్దున్నే లేచి తన రాత్రి గౌను చింపిన పేలికలతో ఆ గీతల నమూనానే మగ్గం మీద దుప్పటిగా నేసింది. కెనడాకు చెందిన షార్ డేవిస్ 1995లో ఊపిరితో నడిచే ఒక చిత్రలోకాన్ని తయారుచేసింది. ఛాతీకి కట్టుకున్న పట్టీ ఊపిరిని పట్టుకుంటుంది. గాలి పీల్చుకుంటే చూసేవాళ్లు ఆ లోకంలో పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. చేతిలో మీటలేవీ ఉండవు. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడమే అక్కడ నడక.

ఈ ముగ్గురూ వాడినవి ఆసుపత్రుల్లోనూ ల్యాబుల్లోనూ పుట్టిన పద్ధతులే. తేడా ఒక్కటే. సంకేతం ఎవరిదో అర్థం చెప్పే హక్కు కూడా వాళ్లదే అయ్యింది. లూసియర్ మెదడు తరంగం అతని పేరుతో సంగీతమైంది. మా చెల్లెలి గర్భపు తరంగం కేసు షీటై ఎవరి అల్మారాలోకో పోయింది. ఈ తేడాకి పేరు కళ కాదు, అధికారం.

జానీన్ మగ్గం గురించి చదివినప్పుడు నాకు పోచంపల్లి, ఆలేరు ప్రాంతపు ఇళ్లు కళ్ల ముందు మెదిలాయి. చీర నేసేది మగ్గం మీద కూర్చున్న మగవాడని లోకం అంటుంది. దానికి ముందు ఆసు పోసేది ఆ ఇంటి స్త్రీ. ఒక్క చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆ భుజం నొప్పి ఏ గీతలోనూ లేదు, ఏ సర్వేలోనూ లేదు. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ నొప్పిని చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ ఎలక్ట్రోడూ పెట్టలేదు. తల్లి "నొప్పి" అంటే నమ్మాడు, అంతే. సంకేతాలన్నిటికన్నా ముందు ఉండాల్సింది ఆ నమ్మకం. అది లేనిచోట ఎన్ని తీగలు కట్టినా లాభం లేదు.

నమ్మకం ఉన్నచోట యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. కాన్పుల తర్వాత దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం పడిపోయే బాధ మన సంఘాల్లో ఎందరికో ఉంది. ఎవరితోనూ చెప్పరు. బస్సెక్కడం మానేస్తారు, సమావేశాలకి రావడం మానేస్తారు. అమెరికన్ వైద్యుడు ఆర్నల్డ్ కెగెల్ 1940లలో ఒక చిన్న పరికరం చేశాడు. కటి కండరాలు ఎంత బిగిస్తున్నారో దాని ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లు ఉన్నది డాక్టరు చూడటానికి కాదు, ఆ స్త్రీ చూసుకోవడానికి. చూస్తూ బిగించడం నేర్చుకుంటే కండరం బలపడుతుంది. ఈ రోజుల్లో ఫిజియోథెరపీలో కండరాల విద్యుత్తునే తెర మీద గీతగానో, పెరిగే తగ్గే శబ్దంగానో వాడుతున్నారు. తన ఒంట్లో కనపడని కండరాన్ని ఆమె కళ్లతో చూస్తుంది, చెవులతో వింటుంది, తానే సరిచేసుకుంటుంది. దేహ సంకేతాన్ని చప్పుడుగా, బొమ్మగా మార్చడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు. ఇది ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎందుకు ఉండకూడదు? మన డిమాండ్లలో ఇది ఎందుకు లేదు?

యంత్రాన్ని మన వైపు తిప్పుకుంటే చాలదు, దాన్ని ప్రశ్నించాలి కూడా. కోవిడ్ కాలంలో వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ అందరికీ తెలుసు. అమెరికా ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. యంత్రం అంతా బాగుందని చూపించినా నిజానికి రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉండటం, తెల్లవాళ్లలో కన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనపడింది. చర్మం రంగుని బట్టి యంత్రం తప్పు చెబుతోంది. శరీరం అబద్ధం చెప్పదేమో, యంత్రం ఎవరి శరీరం మీద నేర్చుకుందో అడగాలి కదా?

చట్టం కూడా మనల్ని కాపాడే స్థితిలో లేదు. 2011 నాటి నియమాలు శారీరక, మానసిక ఆరోగ్య సమాచారాన్నీ, బయోమెట్రిక్ సమాచారాన్నీ 'సున్నితమైనది' అని వేరు చేశాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో అలాంటి ప్రత్యేక తరగతే లేదు. పాప పుట్టిన తేదీ, నా గుండె వేగం, నా మెదడు తరంగం అన్నీ ఒకే గాటన కట్టేసింది. చిలీ దేశం 2021లో రాజ్యాంగాన్ని సవరించి మెదడు కార్యకలాపాలకు రక్షణ కల్పించింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, ఒక పౌరుడి మెదడు తరంగాల రికార్డుని తుడిచెయ్యమని ఒక విదేశీ కంపెనీని ఆదేశించింది. మనం అడగవలసింది ఇలాంటిదే.

చివరగా మన ఇంటి సంగతి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులు నొచ్చుకున్నా చెప్పక తప్పదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి వచ్చిన స్త్రీలకి అది ప్రయోగమని కూడా చెప్పకపోతే, స్త్రీ శక్తి సంఘటన, సహేలి వంటి సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెడితే మనమే నిలదీశాం. మరి ఇప్పుడు దాతల కోసం ప్రాజెక్టు పేరుతో గర్భిణుల చేతులకి పట్టీలు కట్టి నాడి, నిద్ర, నడక రికార్డు చేసి ఎక్కడికో పంపేటప్పుడు ఆ సంతకం ఎవరు పెడుతున్నారు? ప్రచార చిత్రానికి హింసకి గురైన స్త్రీ గుండె చప్పుడు నేపథ్య శబ్దంగా పెడితే 'బాగా కదిలిస్తుంది' అంటున్నాం. ఆమె మాటే కదిలించలేకపోయిందా? ఇతరులకి పెట్టిన కొలబద్ద మనకీ పెట్టుకోవాలి.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. మొదటిది, ఏ యంత్రం కట్టినా దాని తెర, దాని శబ్దం ముందుగా ఆ స్త్రీ వైపు తిరగాలి. ఆ గీత ఏమిటో ఆమె భాషలో చెప్పాలి. రెండోది, సమ్మతి ఆమెదే కావాలి, భర్తదీ అత్తదీ కాదు. మధ్యలో 'తీసెయ్యండి' అంటే తీసెయ్యాలి. మూడోది, ఆమె మాటకి వ్యతిరేకంగా ఆమె దేహ సంకేతాన్ని నిలబెట్టకూడదు. ఫిర్యాదు చేసిన స్త్రీకి గానీ, ఆమె కుటుంబానికి గానీ పాలిగ్రాఫ్ ఊసే ఎత్తకూడదని చట్టంలో రాయాలి. నాలుగోది, రికార్డు నకలు ఆమె చేతికివ్వాలి. ఇది కొత్త కోరిక కాదు. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలే చెబుతున్నాయి. అడగడం మనకి అలవాటు కాలేదు. అయిదోది, అసలు రికార్డు కాకుండా ఉండే హక్కు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో నేను చెప్పదలుచుకోలేదంటే ఆ మౌనానికి కూడా విలువ ఉండాలి.

వచ్చే మూడు నెలల్లో ఒక పని చేద్దాం. ప్రతి మండలంలో ఎవరైనా ఒకరు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ డాప్లర్ ఉందా, ఉంటే దాని శబ్దం గర్భిణికి వినిపిస్తున్నారా, లేక ఇయర్‌ఫోనులో నర్సు ఒక్కతే వింటోందా చూడండి. కాన్పు గదిలో తెర ఎటు తిరిగి ఉందో చూడండి. ఈ మధ్య కాన్పు అయిన ఇద్దరు స్త్రీలను కలిసి, వాళ్ల రికార్డు నకలు అడిగి తీసుకోవడానికి తోడు వెళ్లండి. ఇచ్చారా, ఎన్ని రోజులకిచ్చారు, ఏమని కసిరారు, అన్నీ రాసి పంపండి. స్త్రీల పేర్లు మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. వాటితో వచ్చే సంచికలో జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకి ఇచ్చే వినతిపత్రం తయారుచేద్దాం.